అక్క తెర, మూతపెట్టిన డ్రైవర్

మీ కంప్యూటర్ తెర మీద ఒక అక్షరం వెలిగే ముందు దాన్ని ఎవరు పట్టుకుంటున్నారో, ఎవరు మలిచి మీ కంటికి వదులుతున్నారో మీరు ఒక్కసారైనా అడిగారా? అడిగి ఉండరు. బాబాగారి చేతిలోంచి విభూతి రాలుతుంటే చొక్కా చేతులు పైకి మడవమని నిలదీయగలిగినవాళ్లు కూడా ఈ మాట అడగరు. తెర వెలిగితే చాలనుకుంటారు. మా అక్క కళ్లకు ఆ కష్టం రాకపోయి ఉంటే నేనూ అడిగేవాణ్ణి కాదేమో.

అక్క ఉండేది వడమాలపేటలో. తిరుపతిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసి రిటైరయింది. మేము కొందరం కలిసి నడిపే హేతువాద మాసపత్రికకు మొదటి సంచిక నుంచీ ప్రూఫులు చూసేది ఆమే. రాసినవాడికి పేరు దక్కుతుంది. ఒత్తు జారిన చోట, దీర్ఘం తప్పిన చోట, వాదమే తప్పిన చోట పెన్సిల్ పెట్టేది మాత్రం అక్క. నేను ఆవేశంగా రాసి పంపిన వ్యాసం చదివి, ఈ వాక్యం నమ్మి రాశావా, చప్పట్ల కోసం రాశావా అని ఫోన్ చేసి అడిగిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. చాలాసార్లు ఆ వాక్యం కొట్టేయాల్సి వచ్చింది.

అలాంటి మనిషి చూపులో నడిమధ్యన మసక మచ్చ మొదలైంది. చుట్టూ ఉన్నది కనిపిస్తుంది. ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మాయమవుతుంది. కంటి డాక్టరు దాచకుండా చెప్పింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్న చూపుతోనే పని జరుపుకోవాలి, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బాగా పెద్దవిగా ఉంటే ఇంకా చాలాకాలం చదువుకోవచ్చు అని.

పత్రికలో ఒకరిద్దరు అప్పుడే జాలిపడటం మొదలుపెట్టారు. ఎవరైనా పక్కన కూర్చుని చదివి వినిపిస్తే అక్క దిద్దవచ్చు కదా అన్నారు. అక్క ఒప్పుకోలేదు.

"ఒత్తు జారింది చెవికి తెలుస్తాదా? నా కంటితో నేను సదవగలిగితే సూస్తా. లేకుంటే వచ్చే సంచిక నుంచి నా పేరు తీసేయండి. ఉత్త పేరుకు ఉండేదాన్ని కాదు నేను."

ఆమె అన్నదంటే అంతే. వచ్చే సంచిక లోపల ఆమెకు చదవగలిగే తెర దొరకాలి. లేకపోతే పత్రికలో ఆమె లేదు. ఆ పని నా నెత్తిన పడింది.

తిరుపతిలో ఒక అంగడిలో పెద్ద తెరనూ, దాన్ని నడపగల గ్రాఫిక్స్ కార్డు బిగించిన కొత్త డెస్క్‌టాప్‌నూ కొని ఆటోలో వడమాలపేట చేర్చాను. మా పత్రిక పనంతా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం మీదే జరుగుతుంది. దాని లోపలి రాతను ఎవరైనా తెరిచి చూడవచ్చు, తప్పుంటే చెప్పవచ్చు, దిద్దవచ్చు. చూపనిదాన్ని నమ్మని మాకు అదే నచ్చింది. అయితే గ్రాఫిక్స్ కార్డుకూ మిగతా కంప్యూటర్‌కూ మధ్య మాట చేరవేయడానికి డ్రైవర్ అనే ప్రోగ్రాం ఒకటి కావాలి. ఈ కార్డుకు అలాంటివి రెండున్నాయి. ఒకటి, బయటివాళ్లు కార్డు ఎలా ప్రవర్తిస్తుందో గమనించి రాసి, అందరి ముందూ పెట్టింది. రెండోది, కార్డు తయారుచేసిన కంపెనీ ఇచ్చేది. దాని లోపల ఏముందో ఎవరికీ చూపరు.

మొదటిదే వేశాను. తెర వెలిగింది. అక్షరాలు పెద్దవి చేసే భూతద్దం ప్రోగ్రాం తెరిచి, మౌస్ కదిలించమని అక్కకు చెప్పాను. ఆమె కదిలించగానే తెర అడ్డంగా చీలికలై, పైముక్క ఒక పక్కకు, కిందిముక్క ఇంకో పక్కకు జరిగింది. వాక్యం సగం ముందు, సగం వెనక. అక్క కాసేపు ఓర్చుకుని, తల తిరుగుతోందని లేచి మంచం మీద పడుకుంది. ఆ డ్రైవర్ రాసినవాళ్ల లోపం కాదది. కార్డు రహస్యాలు కంపెనీ చెప్పకపోతే వాళ్లు మాత్రం ఎంతని ఊహించగలరు?

ఇక మిగిలింది మూతపెట్టిన డ్రైవర్. దాన్ని నెట్ నుంచి దించుకునే ముందు ఒప్పందం చదివాను. ఎవరూ చదవరని నమ్మకంతో రాసిన ఒప్పందాలను చదవడం నాకు అలవాటు. విప్పి చూడకూడదు, ఎలా పనిచేస్తుందో తెలుసుకునే ప్రయత్నం చేయకూడదు, పనిచేయకపోతే మమ్మల్ని అడగకూడదు. అడగకుండా నమ్మితే మేలు జరుగుతుందని చెప్పేవాళ్లతో నేను ఎన్ని వేదికల మీద తగాదా పడ్డానో అక్కకు తెలుసు. అదే మాట ఇప్పుడు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో నా ముందుంది. పక్కన అక్క మంచం మీద కళ్లు మూసుకుని ఉంది. ఒప్పుకుంటున్నానని నొక్కాను.

వేసేటప్పుడు అది ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంది. ఏదో ఒకటి పెట్టాను. మళ్లీ స్టార్ట్ చేయమంటే అదీ చేసి, ఆ లోగా వరండాలోకి వెళ్లి అంగడతనితో ఫోన్‌లో గొడవపడ్డాను. తిరిగి వచ్చేసరికి తెర వెలిగి ఉంది గానీ ముందుకంటే అధ్వానంగా ఉంది. అంత పెద్ద తెర మీద అక్షరాలు తడిసిన కాగితం మీద సిరాలాగా అలుముకున్నాయి. పెద్దవి చేసేకొద్దీ ఇంకా అలుముకున్నాయి. కంప్యూటర్‌ను అడిగితే కొత్త డ్రైవర్ ఉంది గానీ పనిలో లేదని, వస్తూనే మొదటిదాన్ని పక్కకు నెట్టేసిందని చెప్పింది. తీసి మళ్లీ వేశాను. మళ్లీ స్టార్ట్ నొక్కి, మళ్లీ వరండాలోకి వెళ్లి ఫోన్ పట్టుకున్నాను. అక్క తెర ముందే కూర్చుని ఉండేది. నేను వచ్చేసరికి అదే అలుకుడు.

నా అనుమానం మొదట అంగడతని మీద పడింది. ఏదో నెట్ సెంటర్‌లో వాడి పారేసిన కార్డును తుడిచి అంటగట్టాడనుకున్నాను. కార్డు ఊడదీసి, అతను మార్చేయకుండా దాని వెనక పెన్నుతో ఒక గుర్తు పెట్టుకుని, తిరుపతి బస్సెక్కాను. అతని అంగడి గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. అవి చూసి నా అనుమానం ఇంకాస్త బలపడిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు. అతను నా మాటలన్నీ ఓపిగ్గా విని, కార్డును తన కంప్యూటర్‌లో బిగించి, అందరూ వాడే సిస్టంలో వెలిగించి చూపించాడు. బొమ్మ నున్నగా కదిలింది. బయటికి తీయించి వెనక నా గుర్తు ఉందో లేదో చూశాను. ఉంది.

"సార్, కార్డు బంగారంగా ఉండాది. ఆ లినక్స్ తీసేసి అందరూ యేసుకునేదే యేయించుకోండి. మీకెందుకు సార్ ఈ తలనొప్పి?"

అందరూ చేసేదే చేయమని చెప్పేవాళ్ల మీద నాకు పుట్టే అనుమానం వేరే. వాదించకుండా కార్డు తీసుకుని వచ్చేశాను.

రెండో అనుమానం బావ మీద. మా బావ మామిడితోట రైతు. మంచివాడు. మా మాటలేవీ నమ్మడు, మమ్మల్నీ మా మానాన వదిలేస్తాడు. అంతలో వచ్చిన ఆయుధపూజ నాడు ట్రాక్టరుకూ, మోటారుకూ, మందుకొట్టే పంపుకూ పెట్టిన చేత్తోనే ఈ కొత్త కంప్యూటర్ పెట్టెకూ గంధం పూసి, గాలి ఆడే జాలీ మీద ఇంత కుంకుమ బొట్టు పెట్టాడు. జాలీ వెనక ఫ్యాను, ఫ్యాను వెనక కార్డు. కుంకుమ లోపలికి పోయి కార్డు పిన్నుల మధ్య చేరిందని తేల్చాను. పెట్టె విప్పి, బావ చూస్తుండగానే బ్రష్షుతో ఊడ్చాను. మాటలు కూడా కొంచెం ఎక్కువే అన్నాను. మంచం మీంచి అక్క అంది.

"రేయ్, బొట్టుకు మంచి చేసే శక్తి లేదని ఊరూరా తిరిగి చెప్తావు. చెడు చేసే శక్తి మాత్రం ఉండాదా?"

బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పెట్టె మూసి వెలిగించాను. ఏమీ మారలేదు.

సంచిక దగ్గరపడుతోంది. పత్రిక నుంచి ఫోన్ వచ్చింది. వచ్చే సంచికలో ప్రూఫుల దగ్గర ఎవరి పేరు వేయాలని అడిగారు. ఫోన్ స్పీకర్ మీద ఉంది, అక్క విన్నది. రేపు చెప్తానని పెట్టేశాను. ఆమె చేతి భూతద్దం తీసుకుని పాత సంచిక ఒకటి ముఖానికి ఆనించుకుని, ఒక్కో అక్షరాన్ని పక్కచూపుతో పట్టుకోబోయింది. ఒక వాక్యం పూర్తి కాకముందే కిందపెట్టింది.

నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ మూతపెట్టిన డ్రైవర్ మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. తప్పు దానిదే. కావాలనే లినక్స్ మీద సరిగా పనిచేయకుండా చేసి ఉంటారు. అందరినీ అందరూ వాడేదానివైపు తోలడానికి ఇదొక ఉపాయం. లోపల ఏముందో చూపని మనిషి ఏం దాస్తున్నాడో మనమే అర్థం చేసుకోవాలి. అలా కొంతదూరం వెళ్లాక అక్క చెయ్యెత్తింది.

"సాల్లే. కూచో. ఇప్పుడు డ్రైవర్ తరఫున మాట్లాడు."

ఇది పత్రిక నడిపే మా సర్కిల్‌లో పాత పద్ధతి. ఎవరినైనా ఖండించాలంటే ముందు వాళ్ల పక్షాన నిలబడి, తాము చెప్పేది ఇదేనని వాళ్లే ఒప్పుకునేంత నిజాయితీగా వాళ్ల వాదన వినిపించాలి. పునర్జన్మను ఖండించబోయేవాడు ముందు పునర్జన్మ కోసం వాదించాలి. మధ్యలో వెక్కిరిస్తే కూర్చోబెడతారు. నాకు వాదం నేర్పింది ఆ పద్ధతే. ఈ వయసులో నా మీద దాన్ని ప్రయోగిస్తే మాత్రం చిరాకేసింది.

"అది మనిషి కాదు గదక్కా, ప్రోగ్రాం."

"దేవుని తరఫున ఎన్నిసార్లు మాట్లాడినావు? దేవుడేమన్నా మనిషా? మాట్లాడు."

కూర్చున్నాను. నేనే డ్రైవర్‌నన్నట్టు మొదలుపెట్టాను. నన్ను మీరే పిలిచారు, నేనుగా రాలేదు. పిలిస్తే వచ్చి డిస్కులో నాకిచ్చిన చోట కూర్చున్నాను. పని చేయడానికి సిద్ధంగానే ఉన్నాను. కంప్యూటర్ లేచేటప్పుడు నన్ను లోపలికి రానివ్వడంలేదు.

అక్క వెంటనే అడ్డుకుంది. ఎవరు రానివ్వడంలేదని అడిగింది.

కంప్యూటరేనన్నాను. డ్రైవర్‌ను చేత్తో లేపబోయిన ప్రతిసారీ తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వస్తోందని, తాళంచెవి చెల్లలేదని దాని అర్థమని చెప్పాను. ఆ వాక్యాన్ని నేను అప్పటిదాకా డ్రైవర్ దొంగదనడానికి రుజువుగా లెక్కవేసుకున్నాను. డ్రైవర్ పక్షాన నిలబడి చెబుతుంటే అది వేరేలా వినిపించింది. తలుపు దగ్గర ఆపేసిన మనిషి చెప్పే మాటలా ఉంది.

అక్క తెర వైపు తల తిప్పింది.

"తాళంచెవి అంటే... ఆ నీలం తెర అడిగేది దాన్నేనా?"

"ఏ నీలం తెర?"

"నువ్వు మళ్లీ యేసి, మళ్లీ స్టార్ట్ నొక్కి పోయినప్పుడల్లా వస్తాది గదా. తాళంచెవి నమోదు చెయ్యమంటాది. పాస్‌వర్డ్ అంటాది. భూతద్దం పెట్టి సదివినా. పైన ఉండే మాట నొక్కితే పోతాది. పంపించేస్తా ఉండా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"దొంగ ఫోన్ వస్తే కట్ చేస్తాం. కట్ చేసినామని ఊరంతా చెప్తామా?"

ఆ పాఠం మాదే. పోయిన వేసవంతా మా సర్కిల్ తరఫున వడమాలపేట, పుత్తూరు పక్క ఊళ్లలో మహిళా సంఘాల దగ్గరికి వెళ్లి ఫోన్ మోసాల గురించి మాట్లాడాం. మాట్లాడింది అక్కే. అడగకుండా తెర మీదికి వచ్చి పాస్‌వర్డ్ అన్నా, తాళమన్నా నమ్మొద్దు, మూసేసి మీ పని చూసుకోండి అని ఆమె ఎంత గట్టిగా చెప్పేదంటే, ఆ తర్వాత కొందరు బ్యాంకు నుంచి వచ్చిన నిజమైన ఫోన్లు కూడా పెట్టేశారు. తను చెప్పిన పాఠాన్ని అక్క తూచా తప్పకుండా పాటించింది. ఆ నీలం తెర ఒక్కసారే కనిపిస్తుంది. పంపించేస్తే మళ్లీ డ్రైవర్ వేసేదాకా రాదు. నేను వరండాలో అంగడతన్ని తిడుతున్నంతసేపూ లోపల అక్క నిజమైన అతిథిని వాకిట్లోంచే పంపేస్తూ ఉంది.

మళ్లీ డ్రైవర్ వేశాను. పాస్‌వర్డ్ అడిగితే ఈసారి అక్కకు వినిపించేలా పైకి చెబుతూ పెట్టాను. స్టార్ట్ నొక్కి, ఈసారి కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చున్నాను. నీలం తెర వచ్చింది. తాళంచెవి నమోదు అనే చోటికి దిగి ఆగాను. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. ఎవరి తాళంచెవి అది? దేని తలుపు తెరుస్తుంది?

"ఇది దొంగది అయితే ఎట్ల తెలుస్తాది?" అంది అక్క.

దొంగ బాబాను పరీక్షించేటప్పుడు మేము చేసే పనే ఆమె చేయించింది. తప్పు పాస్‌వర్డ్ కొట్టమంది. దొంగదైతే ఏం కొట్టినా తీసుకుంటుంది. దానికి కావాల్సింది మనం కొట్టేది తెలుసుకోవడమే కదా. తప్పుది కొట్టాను. కుదరలేదని చెప్పి మళ్లీ అడిగింది. అక్క ఇంకో తప్పు మాట చెప్పింది. అదీ కుదరలేదంది. అంటే మేము పెట్టిన మాటను ఇది ఎక్కడో ఈ పెట్టెలోనే గుర్తుపెట్టుకుంది. మాతో సరిచూసుకుంటోంది. డ్రైవర్‌ను లోపలికి రానిచ్చేందుకు ఈ మెషీన్ మీదే పుట్టిన తాళంచెవిని నమోదు చేయడానికి, కీబోర్డు ముందున్న మనిషి అనుమతి కోసం నిలబడింది. అప్పుడు అసలు మాట కొట్టాను. ఒప్పుకుంది. కంప్యూటర్ మళ్లీ లేచింది.

తెర వెలిగింది. ఆ పెద్ద తెర మీద అక్షరాల అంచులు తెగినట్టు, నున్నగా. భూతద్దం తెరిచి మౌస్ కదిలించాను. చీలలేదు గానీ కొంచెం వెనకబడి తడబడింది. లాగిన్ అయ్యే చోట మూలనున్న చిన్న గుర్తు నొక్కితే కొత్త డిస్‌ప్లే వ్యవస్థ కావాలా, పాతది కావాలా అని అడుగుతుంది. పాతది ఎంచుకుని మళ్లీ లోపలికి వెళ్లాను. ఇప్పుడు భూతద్దం మౌస్ వెంటే నడిచింది. కొత్తది గొప్పదని అందరూ అంటారు. కావచ్చు. అక్క కంటికి పనికొచ్చింది పాతదే.

నల్లటి తెర మీద తెల్లటి ఒత్తు ఒకటి అరచెయ్యంత వెడల్పున నిలబడింది. అక్క ముఖం కొంచెం పక్కకు తిప్పి, పక్కచూపుతో దాన్ని పట్టుకుంది. మౌస్ జరిపింది. ఇంకో అక్షరం. ఇంకోటి. పెదవులు కదులుతున్నాయి. వాక్యం పూర్తి చేసింది. అది వచ్చే సంచికకు నేను రాసిన వ్యాసమే.

"ఈ మాటకు ఆధారం యాడ ఉండాది?" అంది.

చూశాను. లేదు. కొట్టేయమన్నాను. బావ గుమ్మం దగ్గర నిలబడి తన బొట్టే పని చేసిందన్నాడు. అట్లయితే ఇన్నాళ్లూ యాడికి పోయింది నీ బొట్టు అని అక్క తెర మీంచి తల తిప్పకుండానే అడిగింది. ప్రూఫుల దగ్గర ఎవరి పేరు వేయాలో ఆ సాయంత్రమే పత్రికకు ఫోన్ చేసి ఆమే చెప్పింది.

తెర వెలిగింది కాబట్టి నా అనుమానం తీరిపోయిందని మీరు అనుకుంటే పొరపాటు. తాళంచెవి విషయంలో ఆ డ్రైవర్ నిర్దోషి. అది తేలింది, ఒప్పుకుంటాను. నీలం తెరను పరీక్షించగలిగాం కనుక నమ్మాం. డ్రైవర్‌ను ఎలా పరీక్షించాలి? అక్క కంటికీ అక్షరానికీ మధ్య అది కూర్చుని ఉంది. దాని కడుపులో ఏముందో ఈ రోజుకీ నాకు తెలియదు, మీకూ తెలియదు, దాన్ని అమ్మినవాడికీ తెలియదు. కార్డులు పాతబడ్డాక ఇలాంటి కంపెనీలు వాటికి కొత్త డ్రైవర్లు ఇవ్వడం మానేస్తాయి. లినక్స్ ముందుకు పోతూనే ఉంటుంది. ఏదో ఒక పొద్దున అక్క కంప్యూటర్ వెలిగించేసరికి అక్షరాలు మళ్లీ అలుముకుంటాయి. ఆ పొద్దు ఎప్పుడో నిర్ణయించేది డాక్టరు కాదు, అక్క కాదు. ఎక్కడో ఒక ఆఫీసులో, మా పేరు కూడా తెలియని వాళ్లు. లోపలి రాత బయట ఉంటే ఇంకెవరైనా దాన్ని నడిపించుకుంటారు. మూతపెట్టి ఉంచితే, దానితో పాటు అక్క చదువూ మూతపడుతుంది.

ఇలాంటి కార్డు మీ ఇంట్లోనో ఆఫీసులోనో ఉంటే, ఈ పేజీ పక్కనపెట్టి దాన్ని చేసిన కంపెనీకి ఈ రోజే రాయండి. తెలుగులో రాయండి, ఇంగ్లీషులో రాయండి, మీకు వచ్చినట్టు రాయండి. డ్రైవర్ లోపలి రాత బయటపెట్టమని అడగండి. పెట్టలేమంటే, ఎప్పటిదాకా నడిపిస్తారో సంతకం పెట్టి చెప్పమనండి. జవాబు వచ్చేదాకా వదలకండి.